గీతల మీద ముద్ర

డాక్టర్ కిశోర్ ఇంట్లో భోజనాల బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద ఆరు విస్కీ గ్లాసులు వరసగా పెట్టారు. బల్లకు ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క వాటిని అమ్మడానికి తెచ్చిన ఓంప్రకాష్ కూర్చున్నారు. సదానందం మాత్రం కిటికీ దగ్గర నిలబడి ఒక్కో గ్లాసునూ వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. కూర్చోమని డాక్టరు రెండుసార్లు అన్నాడు. గాజు చూసేటప్పుడు సదానందం కూర్చోడు.

అతనిది సిరిసిల్ల దగ్గర పల్లె. ముప్పై ఏళ్ల కింద సూరత్ వచ్చి ఉధ్నాలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపాడు. ఇప్పుడు పల్సానాలో ఒక మిల్లులో బట్ట చెకింగ్ చేస్తున్నాడు. బట్ట తాను బల్ల మీద నుంచి జరిగిపోతూ ఉంటే, పోగు తెగిన చోట, నూనె మరక పడిన చోట సుద్దతో గుర్తు పెట్టాలి. తప్పు పట్టుకోవడమే అతని ఉద్యోగం.

ఇరవై రెండేళ్ల కింద ఆదివారం పాతసామాన్ల బజారులో టీ తాగడానికి పనికొస్తుందని ఒక గ్లాసు కొన్నాడు. చేతిలో రాయిలా బరువు. చుట్టూ లోతుగా కోసిన గీతలు, గీతల మధ్య చిన్న చిన్న పలకలు. తప్పు ఎక్కడుందా అని వెతికాడు. వారం రోజులు దొరకలేదు. ఎనిమిదో రోజు దొరికింది. వందలాది పలకల్లో ఒకటి పక్కదాని కంటే వెంట్రుకవాసి పెద్దది. అంటే ఎవరో మనిషి చక్రం ముందు కూర్చుని చేత్తో కోశాడన్నమాట. ఆ రోజు నుంచి సదానందానికి ఆ గ్లాసుల పిచ్చి పట్టింది. అవి ఇంగ్లండులో డెబ్బై ఎనభై ఏళ్ల కింద తయారైన క్రిస్టల్ గ్లాసులని, సూరత్‌లోని పాత పార్సీ ఇళ్లు ఖాళీ అయినప్పుడల్లా ఒకటీ రెండూ బజారులోకి వస్తాయని తర్వాత తెలుసుకున్నాడు. ఇప్పుడు అతని దగ్గర పదకొండున్నాయి. మందు బందైన రాష్ట్రంలో విస్కీ గ్లాసులేందని సాంచాల కాడి దోస్తులు నవ్వేవాళ్లు. అతను మందు ముట్టడు. టీ కూడా వాటిలో తాగడు.

డాక్టరు విజయనగరం మనిషి, ఎముకల వైద్యుడు. ఎనిమిదేళ్ల కింద సదానందం వేలు మిషన్‌లో పడితే సరిచేసింది ఆయనే. ఆయన బల్ల మీద పెన్నులు నింపిన గాజు గ్లాసు చూసి, ఇది పెన్నులు పెట్టేది కాదు సార్ అని సదానందం చెప్పాడు. అక్కడ మొదలైన స్నేహం. ఇప్పుడు డాక్టరు అద్దాల బీరువాలో నలభైకి పైగా గ్లాసులున్నాయి. ప్రతి ఒక్కటీ తన చేతి మీదుగానే వచ్చిందని సదానందం నమ్మకం.

ఓంప్రకాష్ నిజామాబాద్ వైపు వాడు. ఇరవై ఏళ్లుగా పాత సామాను కొని అమ్ముతున్నాడు. ఈ ఆరు గ్లాసులు నాన్‌పురాలో ఒక పార్సీ ముసలమ్మ ఇంట్లోవని, ఆరూ ఒక్క సెట్టని, ఆరింటికీ అడుగున కంపెనీ ముద్ర ఉందని చెప్పాడు. ముద్ర ఉంటే గ్లాసు విలువే వేరు. ముద్రలున్న సెట్టు పూర్తిగా దొరకడం అరుదు.

గాజు మంచిదే. కోత మంచిదే. అంచు మీద గోటితో కొడితే మోత చాలాసేపు నిలిచింది. సదానందం గ్లాసు తలకిందులు చేసి, తానులో పోగులు లెక్కపెట్టే భూతద్దం జేబులోంచి తీసి అడుగున పెట్టాడు.

ఆ పాత కార్ఖానాలు ముద్రను యాసిడ్‌తో వేసేవి. చిన్నగా, తెల్లగా, అద్దం మీద ఊపిరి ఊదినట్టు ఉంటుంది. తర్వాత ఆ గ్లాసు డెబ్బై ఏళ్లు బల్లల మీద, పళ్లాల మీద లేస్తూ దిగుతూ ఉంటుంది కాబట్టి అడుగు నిండా సన్నటి గీతలు పడతాయి. ముద్ర మొదటిది, గీతలు తర్వాతవి. గీతలు ముద్ర మీదుగా పోవాలి.

ఇక్కడ గీతలు ముద్ర దాకా వచ్చి దాని కింద మాయమవుతున్నాయి. అవతలి పక్క మళ్లీ తేలుతున్నాయి. గీతల మీద ముద్ర వేశారు.

రెండో గ్లాసు చూశాడు. అంతే. మూడో గ్లాసు దగ్గర అతని చెయ్యి ఆగింది. ముద్రలో చివరి నుంచి రెండో అక్షరానికి కింది సగం లేదు. మొదటిదానికీ లేదు, రెండోదానికీ లేదు. యాసిడ్ సరిగా అంటకపోతే ఒక గ్లాసులో అలా జరగవచ్చు. మూడింటిలో ఒకే చోట జరగదు. పైగా ఆ సగం అక్షరం అతనికి తెలుసు. ఉధ్నాలో తన ఇంట్లో, తన చెక్క అరలో ఉన్న గ్లాసు అడుగున అదే అక్షరం అలాగే సగమై ఉంటుంది. ఈ ముద్ర దాన్ని చూసి చెక్కింది.

అతని ఇంట్లో అలాంటి పని వచ్చినవాళ్లు ఒకరే ఉన్నారు. కూతురు సంతోషి. కతార్‌గామ్‌లో ఒక హీరాల కార్ఖానాలో లేజర్ మిషన్ నడుపుతుంది. కంటికి కనపడని నంబర్లను వజ్రాల అంచుల మీద చెక్కడం ఆమె పని.

ఏమంటారు సదానందం గారూ అని డాక్టరు అడిగాడు.  సదానందం తల ఎత్తితే ఓంప్రకాష్ తననే చూస్తున్నాడు. ఆ చూపులో భయం లేదు. ఎండ పడటం లేదని, ఇంకొకసారి చూడాలని, శనివారం వస్తానని సదానందం చెప్పాడు. ముంబై పార్టీ ఒకటి అడుగుతోందని ఓంప్రకాష్ తొందరపెట్టాడు. డాక్టరు ఒప్పుకోలేదు. శనివారం పదకొండుకు తేల్చుకుందాం, అప్పటిదాకా గ్లాసులు ఓంప్రకాష్ దగ్గరే ఉండనీ అన్నాడు.

లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. రెండు అంతస్తులు దిగాక ఓంప్రకాష్ చాలా మెత్తగా అన్నాడు.

"అన్నా, సంతోషి చేతుల మంచి పనితనమున్నది. ఆమె సేఠ్‌కు ఇంక ఈ ముచ్చట తెల్వది. తెల్వకుంటెనే మంచిగుంటది."

 గేటు దాటి ఓంప్రకాష్ ఆటో ఎక్కి వెళ్లిపోయాక కూడా సదానందం చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే అర దగ్గరికి పోయి గ్లాసు తీసి చూశాడు. తన కన్ను తప్పిందేమోనన్న ఆశ చివరిదాకా ఉంది. తప్పలేదు. భార్య గంగవ్వ బియ్యం ఏరుతూ, ఆ గ్లాసును సంతోషి వానల ముందు ఫోటో తీసుకుందని, దోస్తులకు చూపిస్తానందని చెప్పింది. 

సాయంత్రం ఏడింటికి సంతోషి వచ్చింది. టిఫిన్ డబ్బా కడగబోతుంటే తండ్రి గ్లాసు తెచ్చి ఆమె ముందు బోర్లించి పెట్టాడు. ఆమె గ్లాసును చూసింది, తండ్రి మొహం చూసింది, నల్లా కట్టేసింది. అప్పుడే అతనికి అర్థమైంది, అడగాల్సిన పని లేదని. అయినా అడిగాడు.

ఓంప్రకాష్ తమ మేనేజర్ ద్వారా వచ్చాడని ఆమె చెప్పింది. దమన్‌లో హోటల్‌కు గ్లాసులు కావాలట, పాతవాటిలా కనపడటానికి ముద్ర ఉంటే బాగుంటుందట. నమూనా కావాలంటే తనే ఇంట్లో గ్లాసు ఫోటో తీసింది. బాపు దగ్గర అసలుది ఉందని చెప్పుకోవడం అప్పుడు గొప్పగా అనిపించింది. ఫోటోలో అక్షరం సగం లేదు కదా, పూర్తి చేస్తానంటే అతను వద్దన్నాడు. ఉన్నది ఉన్నట్టే రావాలన్నాడు.

"గప్పుడు నీకు అనుమానం రాలేదా?"

ఆమె తలవంచుకుంది. "వచ్చింది బాపు. మేనేజర్ చెయ్యమన్నడు. చేసిన."

"ఎన్ని?"

"ఆరు."

"ఆరేనా?"

"ఆరే."

బయటి పని ఆ మిషన్ మీద పెట్టకూడదు. అది వాళ్ల కార్ఖానాలో మొదటి నియమం. వజ్రం మీద చెక్కిన నంబరును ఎక్కడో విదేశంలో ఎవడో చూసి నమ్ముతాడు. ఆ నమ్మకం పోతే సేఠ్ దుకాణం మూసుకోవాలి. ఈ సంగతి బయటపడితే సంతోషి ఉద్యోగం పోవడమే కాదు, సూరత్ మొత్తం మీద ఏ హీరాల కార్ఖానా ఆమెను గడప ఎక్కనివ్వదు. నాలుగేళ్లు కష్టపడి నేర్చుకున్న పని.

గంగవ్వ మాత్రం తేల్చి చెప్పింది. "గాజు మంచిదే అంటివి. డాక్టర్ సాబ్ అండ్ల నీళ్లు పోసుకుంటె కారిపోతయా? బిడ్డ బతుకు కంటె ఎక్కువనా ముద్ర? బాగున్నయని చెప్పి రా."

సంతోషి అలా అడగలేదు. తన పేరు మాత్రం బయటికి రానీయొద్దు అంది. సదానందం సరేనన్నాడు. గ్లాసులు వద్దని చెబుతాడు, కారణం చెప్పడు. అంతే అనుకున్నాడు.

శుక్రవారం మిల్లులో అతని చేతి కింద మూడు గజాల బట్ట తెగిన పోగుతో గుర్తు లేకుండానే దాటిపోయింది. పదేళ్లలో అలా జరగలేదు. సూపర్‌వైజర్ వచ్చి నలుగురిలో కేకలేశాడు. సదానందం విని మళ్లీ సుద్ద అందుకున్నాడు. బల్ల మీద తెల్లబట్ట జరుగుతూనే ఉంది, అతనికి మాత్రం ఆ సగం అక్షరమే కనపడుతోంది. వద్దంటే ఎందుకు వద్దని డాక్టరు అడుగుతాడు. ఎనిమిదేళ్లలో ఏ గ్లాసు వద్దన్నా కారణం చూపించే వద్దన్నాడు. ఒక గ్లాసు అంచు పగిలితే సానబట్టి పొట్టి చేశారని స్కేలు పెట్టి చూపించాడు. ఇప్పుడు ఏం చూపిస్తాడు?

శనివారం అతను వెళ్లేసరికి ఓంప్రకాష్ ముందే వచ్చి ఉన్నాడు. ఆరు గ్లాసులూ తువ్వాలు మీద ఉన్నాయి. ఎండ కిటికీలోంచి నేరుగా పడుతోంది. సదానందం ఈసారి గ్లాసులు ముట్టుకోలేదు.

"వద్దు సార్. తీసుకోకుండ్రి" అన్నాడు.

డాక్టరు ఎందుకని అడిగాడు. తనకు నచ్చలేదని సదానందం చెప్పాడు. అది జవాబు కాదని ఆయన మొహంలోనే తెలిసింది. నచ్చకపోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, గాజా, కోతా, ముద్రా అని ఒక్కొక్కటే అడిగాడు. ముద్ర అనగానే సదానందం కళ్లు దించుకున్నాడు. డాక్టరు వెంటనే గ్లాసు బోర్లించి చూశాడు. ఆయనకు ఏమీ కనపడలేదు.

ఓంప్రకాష్ నవ్వాడు. పెద్దమనిషికి కళ్లు మందగించాయని, లేదా ముంబై పార్టీ నుంచి ఏమైనా ముట్టి ఉంటుందని అన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి ఆనుకుని, ముద్ర దొంగదైతే కొట్టిందెవరో కూడా చెప్పమని అడిగాడు. చెప్పలేడన్న ధీమా ఆ గొంతులో ఉంది.

 వంటింట్లో కుక్కర్ కూత పెట్టి ఆగింది. సదానందం రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టుకున్నాడు. అబద్ధం చెప్పినా మాట తప్పినట్టే, నిజం చెప్పినా మాట తప్పినట్టే. ఒకటి డాక్టరుకు, ఒకటి బిడ్డకు.

"నా బిడ్డ కొట్టింది సార్" అన్నాడు.

ఒకసారి నోరు తెరిచాక మిగతాది ఆగలేదు. గీతలు ముద్ర కింద ఎలా పోయాయో భూతద్దం పెట్టి చూపించాడు. సగం అక్షరం చూపించాడు. ఆ అక్షరం తన ఇంటి గ్లాసుదని, అక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పాడు. బిడ్డకు దమన్ హోటల్‌కని చెప్పారని, ఆరే చేసిందని, ఇంకొకటి చెయ్యలేదని అన్నాడు. ఆ చివరి మాట గట్టిగా అన్నాడు. ఓంప్రకాష్ మొహంలో రంగు మారింది.

డాక్టరు లేచాడు. అద్దాల బీరువా కింది అర తెరిచి, వెనక నుంచి రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"దీపావళికి ఇతని దగ్గరే కొన్నాను. మీకు చూపించలేదు. ఇన్నేళ్లయింది కదా, ఆమాత్రం నాకూ తెలుస్తుందనుకున్నాను."

సదానందం ఒకటి తీసి బోర్లించాడు. భూతద్దం అక్కర్లేకపోయింది. రెండోది చూశాడు. కింది సగం లేని అక్షరం.

ఎనిమిది.

 అవతల ఓంప్రకాష్ గబగబా ఆరు గ్లాసులనూ కాగితాల్లో చుట్టి డబ్బాలో సర్దుతున్నాడు. ఆ రెండింటి డబ్బు సోమవారం లోపల తిరిగి రాకపోతే పోలీసు కంప్లైంటు ఇస్తానని డాక్టరు అతనికి చెప్పాడు. ఓంప్రకాష్ తలుపు దగ్గర ఆగి, సోమవారం తనకు సేఠ్ దగ్గర కూడా పని ఉందని సదానందంతో అని వెళ్లిపోయాడు.

డాక్టరు కూర్చోలేదు.

"మీకు గురువారమే తెలిసిందా?"

"తెలిసింది సార్."

"రెండు రోజులు ఆగారు."

 మీరు కూడా వెళ్లండి అని డాక్టరు అన్నాడు. గొంతు పెంచలేదు. ఎప్పుడూ లిఫ్టు దాకా వచ్చేవాడు, ఈసారి బల్ల దగ్గరే నిలబడిపోయాడు.

సదానందం ఇంటికి పోలేదు. రెండు బస్సులు మారి కతార్‌గామ్ పోయి, కార్ఖానా గేటు ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాడు. ఆరింటికి పనివాళ్లు బయటికి రావడం మొదలైంది. గేటు దగ్గర జేబులు, సంచులు తడిమి చూసి పంపుతున్నారు. సంతోషి ఇద్దరు ఆడపిల్లలతో నవ్వుతూ వచ్చింది. తండ్రిని చూసి వాళ్లను పంపించేసి రోడ్డు దాటి వచ్చింది.

"ఎనిమిది" అన్నాడు సదానందం.

ఆమె ఏమీ అర్థం కానట్టు నటించలేదు.  "ఇరవై నాలుగు బాపు. మూడుసార్లు తెచ్చిండు."

"ఆరే అని నేను ఆయన ముంగట గట్టిగ చెప్పిన."

"నీ మొహం జూసి భయమైంది. ఆరంటెనే నువ్వు గట్లయితివి. ఇరవై నాలుగంటె ఇంక నాతోని మాట్లాడవనుకున్న."

సదానందానికి కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ నిలవలేదు. ఎదురుగా ఉన్నది ఇరవై మూడేళ్ల పిల్ల, మెడలో కార్ఖానా గుర్తింపు కార్డుతో, ఏడవకుండా ఉండటానికి పంటితో పెదవి నొక్కుకుంటోంది. తన పేరు చెప్పేశానని, మాట తప్పానని అతను ఒప్పుకున్నాడు. సోమవారం ఓంప్రకాష్ సేఠ్ దగ్గరికి పోతానన్న సంగతి కూడా దాచలేదు.

సంతోషి గేటు వైపు చూసింది. లోపల ఆఫీసు గదిలో లైటు వెలుగుతోంది. సేఠ్ ఏడింటి దాకా ఉంటాడని చెప్పింది.

"రేపు ఆలోచించుకుందాం" అన్నాడు తండ్రి. తనే గురువారం నుంచి ఆలోచించి ఏం సాధించాడో అప్పుడే గుర్తొచ్చింది.

"నువ్వీడనే ఉండు" అని ఆమె రోడ్డు దాటింది. కాపలావాడు ఆపి అడిగాడు, ఏదో చెప్పి లోపలికి పోయింది.

గంటంపావు పట్టింది. సదానందం రెండు టీలు తాగాడు, రెంటి రుచీ తెలియలేదు. ఒకసారి ఆఫీసు గదిలోంచి పెద్ద గొంతు వినపడింది. తర్వాత మేనేజర్ కాబోలు, ఒకతను గబగబా లోపలికి పోయాడు. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. లోపలికి పోదామని సదానందం రెండుసార్లు రోడ్డు మధ్య దాకా పోయి వెనక్కి వచ్చాడు. చివరికి గేటు చిన్న తలుపు తెరుచుకుని సంతోషి బయటికి వచ్చింది. మెడలో కార్డు లేదు.

బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. సేఠ్ కొట్టాడా తిట్టాడా అని తండ్రి అడిగాడు. తిట్టలేదట. మొదట అరిచింది మేనేజర్ మీద. తనను మాత్రం కూర్చోబెట్టి, వజ్రాల మీద ఇట్లాంటిది ఎప్పుడైనా చేశావా అని ఒకటే మాట పదిసార్లు అడిగాడట. లేదని పదిసార్లు చెప్పింది. ఉధ్నా వచ్చేదాకా ఆమె కిటికీ బయటికే చూసింది. దిగేటప్పుడు మాత్రం తండ్రి చెయ్యి పట్టుకుంది.

సేఠ్ వారం రోజులు పాత రికార్డులన్నీ తీయించి వజ్రాలు సరిచూయించాడు. ఏ తప్పూ దొరకలేదు. ఆ నెల జీతం ఇచ్చాడు, ఎక్కడైనా చూపించుకోవడానికి కాగితం మాత్రం ఇవ్వలేదు. మేనేజర్‌నూ తీసేశాడు. సంతోషి నాలుగు కార్ఖానాలు తిరిగింది. నాలుగింటిలోనూ ఆమె పేరు ముందే చేరింది. గంగవ్వ నెల రోజులు భర్తతో అవసరానికి మించి మాట్లాడలేదు. తర్వాత సంతోషికి జోల్వాలో ఎంబ్రాయిడరీ యూనిట్‌లో చీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే పని దొరికింది. జీతం తక్కువ, దారి దూరం. సంతోషి పోతోంది. ఓంప్రకాష్ డాక్టరు డబ్బు తిరిగిచ్చి ఉధ్నా వైపు రావడం మానేశాడు. దమన్‌లో ఉన్నాడని కొందరు, నిజామాబాద్ పోయాడని కొందరు అన్నారు.

బయటికి పోయిన గ్లాసుల మాట మొదట ఎత్తింది సంతోషే. ఎవరి చేతుల్లో పడ్డాయో, ఎవరు నిజమనుకుని దాచుకుంటున్నారో అంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తండ్రీ కూతుళ్లు పాతసామాన్ల బజారుకు పోయి గాజు కనపడిన ప్రతి చోటా బోర్లించి చూస్తున్నారు. మూడు నెలల్లో ఐదు దొరికాయి. ఇంటికి తెచ్చి సంతోషి సన్నటి సానరాయితో ముద్ర అరగదీసింది. ముద్ర పోయాక అవి మామూలు మంచి గ్లాసులు. సదానందం వాటిని అరలో పెట్టలేదు. గంగవ్వ వాటిలో మజ్జిగ పోసి ఇస్తుంది.

నాలుగో నెలలో డాక్టరు ఫోన్ చేశాడు. తన బీరువాలో ఉన్నవన్నీ మళ్లీ ఒకసారి చూడాలని, కూతుర్ని కూడా తీసుకురమ్మని చెప్పాడు. బాగున్నారా అని అడగలేదు. సదానందం ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పోవాలా అని సంతోషి గుమ్మం దగ్గర ఒకసారి ఆగింది, తర్వాత చెప్పులేసుకుంది.

ఆ దొంగ ముద్ర రెండింటినీ పక్కన పెడితే నలభై మూడు గ్లాసులు. ముందు తండ్రి చూసి ఇస్తే తర్వాత కూతురు చూసింది. లేజర్ ముద్ర దగ్గరగా చూస్తే చిన్న చిన్న చుక్కల వరసలా ఉంటుందని ఆమె డాక్టరుకు వివరించింది. మొదట మాటలు వెతుక్కుంది, పదో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి కుదుటపడింది. డాక్టరు పక్కన నిలబడి అన్నీ విన్నాడు, మధ్యలో భూతద్దం తీసుకుని తనూ చూశాడు. మధ్యాహ్నం రెండయింది. ఒక్కటీ తప్పుది దొరకలేదు. టీ వచ్చింది. డాక్టరు కప్పు ముందు పెట్టుకుని సంతోషిని అడిగాడు.

"ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా బయట?"

"పదిహేడు సార్."

"దొరుకుతాయా?"

"తెల్వది సార్. దేవులాడుతున్నం."

ఆయన తలూపాడు. నవ్సారిలో ఒక పాత సామాన్ల దుకాణం ఉందని, పోయిన నెల అక్కడ ఇలాంటి ముద్రతో నాలుగు చూశానని, కొనలేదని చెప్పాడు. దుకాణం పేరు కాగితం మీద రాసి సంతోషికి కాక సదానందానికి ఇచ్చాడు. ఈసారి లిఫ్టు దాకా వచ్చాడు.

తర్వాతి ఆదివారం తండ్రీ కూతుళ్లు ఉధ్నా స్టేషన్‌లో ఏడున్నర బండి ఎక్కారు. నిలబడటానికే చోటు లేదు. నవ్సారి దుకాణంలో నాలుగింటిలో మూడు ఇంకా ఉన్నాయి. నాలుగోది నిన్ననే ఎవరో తీసుకుపోయారని దుకాణదారు చెప్పాడు. ఎవరని సంతోషి అడిగింది. అతను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తుంటే ఆమె కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, కదలకుండా నిలబడింది.